బొగ్గులో దాచిన తెల్ల గుండీలు

నా చిన్నప్పుడు మందమర్రిలో ‘గో’ అనే ఆట తెలిసినవాళ్లు ఇద్దరే ఉండేవాళ్లు. ఒకరు మా మామ, ఇంకొకరు నేను. మూడో మనిషి వచ్చేదాకా నాకు ఏ లోటూ లేదు.

మామ అంటే మా అవ్వ తమ్ముడు; మా ఇంట్లో అమ్మను అవ్వ అనే పిలిచేవాళ్లం. అక్కడి బొగ్గు గనిలో సర్వేయరు. అప్పటికి ఇంకా పెళ్లి కాలేదు, కాలనీలో మా క్వార్టర్లోనే ఉండేవాడు. గనిలో కొత్త యంత్రం బిగించడానికి జపాను నుంచి ఒక ఇంజనీరు వచ్చి కొన్ని నెలలు గెస్ట్‌హౌస్‌లో ఉన్నాడు. వచ్చీరాని ఇంగ్లీషులో ఇద్దరికీ స్నేహం కుదిరింది. ఆ పెద్దమనిషి సాయంత్రం పూట మామకు తన దేశపు ఆట నేర్పాడు. ఆయన వెళ్లిపోయాక ఆడటానికి తోడు లేక మామ నన్ను కూర్చోబెట్టాడు. నేనప్పుడు ఆరో తరగతి. మామ ఒక చెక్క పలక తెచ్చి, నక్షాలు గీసే సిరాతో అడ్డం పందొమ్మిది గీతలు, నిలువు పందొమ్మిది గీతలు గీశాడు. నల్ల రాళ్లకు బదులు చింతగింజలు పెట్టుకున్నాం. తెల్ల రాళ్లకు బదులు చొక్కా గుండీలు.

ఆట చెప్పడానికి తేలికే. గీతలు కలిసే చోట ఒకరి తర్వాత ఒకరు కాయ పెట్టాలి. పెట్టిన కాయను కదపకూడదు. దాన్ని ఎదుటివాళ్లు అన్ని వైపులా చుట్టుముడితే ఊపిరాడక చచ్చినట్టు లెక్క, పలక మీద నుంచి తీసేస్తారు. ఒక గుంపు లోపల విడివిడిగా రెండు ఖాళీ గదులు మిగిలితే మాత్రం దాన్ని ఎవరూ చంపలేరు. చివరికి ఎక్కువ జాగా చుట్టుకున్నవాళ్లు గెలిచినట్టు. ఇంతే. ఈ కాస్త దాంట్లోనే నా బతుకంతా గడిచిపోయింది.

గుండీలు ఇచ్చింది బజార్లో ఉండే దర్జీ చాచా. మొదట ఇచ్చినవి సరిపోక ఇంకా కావాలని కబురు పెడితే, ఆయన బిడ్డ ఒక రేకు డబ్బా నిండా పట్టుకొచ్చింది. నాకంటే ఏడాది చిన్నది. డబ్బా ఇచ్చి వెళ్లిపోకుండా గడప దగ్గరే నిలబడి, మేం ఆడుతున్న ఆటను కన్నార్పకుండా చూసింది. మామ తల ఎత్తి “లోపల్కి రా బిడ్డా, కూసో” అన్నాడు. నా పక్కన జాగా లేదు. ఆయన జరిగి తన పక్కన కూర్చోబెట్టుకున్నాడు.

రెండు నెలలు తిరిగేసరికి ఆ పిల్ల నన్ను ఓడించడం మొదలుపెట్టింది. ఓడిపోవడం కాదు నన్ను కాల్చింది. ఆమె మంచి ఎత్తు వేసినప్పుడు మామ చేత్తో తొడ మీద కొట్టుకుని నవ్వేవాడు. నేను ఎన్ని ఆటలు ఆడినా ఆయన చేత అలా కొట్టించలేకపోయాను. ఆమె ఆడిన ఆటలను గళ్ల కాగితం మీద ఒకటి, రెండు, మూడు అని అంకెలు వేసి రాసుకునేవాడు. కాలనీ పిల్లలంతా ఆయన్ను మామా అనే పిలిచేవాళ్లు, నేనెప్పుడూ పట్టించుకోలేదు. ఆమె పిలిస్తే మాత్రం నా నోట్లోంచి ఏదో లాక్కున్నట్టు ఉండేది. బళ్లో పాఠం వింటున్నా, అన్నం తింటున్నా ఆమె వేళ్లే కనబడేవి. రెండు వేళ్ల మధ్య గుండీని పట్టుకుని, అసలు చప్పుడు కాకుండా పెట్టేది. నేను ఒంటరిగా కూర్చుని అలా పెట్టాలని ప్రయత్నించాను. అది కూడా రాలేదు.

ఒకరోజు ఆట ముగిశాక గుప్పెడు తెల్ల గుండీలు తీసి, పెరట్లో పొయ్యి బొగ్గులు పోసుకునే డబ్బాలో అడుగుకు తోసేశాను. ఎందుకు చేశానో అప్పుడు నాకే సరిగా తెలియదు. మర్నాడు ఇంకో గుప్పెడు. ఆట మధ్యలో గుండీలు చాలకపోతే మామ సున్నపు రాళ్ల ముక్కలు తెచ్చి సరిపెట్టాడు. అవ్వ అడిగినప్పుడు, “గవి ఆమె వాళ్ల దుకాణం గుండీలే గద, ఇంటికి పట్కపోతున్నదేమో” అన్నాను. అనుకోకుండా జారిన మాట కాదది. రెండు రోజులుగా నోట్లో తయారుగా పెట్టుకున్న మాట.

ఆ సాయంత్రం ఆ పిల్ల ఇంటికి బయలుదేరుతుంటే అవ్వ కోపం లేకుండానే అడిగింది. “బిడ్డా, గుండీలు రోజురోజుకు కమ్మైతున్నయి. నీతోని ఏమన్న వస్తున్నయా?”

ఆమె రెండు గుప్పిళ్లూ తెరిచి చూపించింది. గౌను జేబు తిరగేసి చూపించింది. అందులోంచి ఒక దారపు ముక్క కింద పడింది. దాన్ని కూడా వంగి తీసుకుని వెళ్లిపోయింది. మర్నాడు రాలేదు. ఆ తర్వాతా రాలేదు. మామ నాతో ఆడాడు, నేను కోరుకున్నట్టే ఇద్దరమే. కానీ ఆయన తొడ మీద ఒక్కసారి కూడా కొట్టుకోలేదు.

నాలుగో రోజు ఆదివారం. నేను బయట ఆడుకుని వచ్చేసరికి మామ పలక ముందు కూర్చుని ఉన్నాడు. గళ్ల కాగితం ఒళ్లో పెట్టుకుని, ఆమె చివరిసారి నాతో ఆడి సగంలో వదిలేసిన ఆటను మళ్లీ పేర్చుతున్నాడు. తెల్ల గుండీలన్నీ ఉన్నాయి, ఒక్కటీ తక్కువ కాలేదు. కొన్ని మాత్రం ఎంత కడిగినా పోని మసితో బూడిద రంగులో ఉన్నాయి. నేను గడప దగ్గరే నిలబడ్డాను. ఆయన గుండీల మాటే ఎత్తలేదు.

“ఇయ్యాల నువ్వు తెల్లయి ఆడు. గీడ కూసో” అని, ఆమె కూర్చునే వైపు చూపించాడు.

కూర్చున్నాను. నేను రోజూ చూసిన పలకే అయినా, ఆ వైపు నుంచి కొత్తగా కనబడింది. ఎత్తు తెల్ల గుండీలది. మూల మీద నా చింతగింజల గుంపు పెద్దది ఒకటుంది. లోపల మూడు ఖాళీలు ఒకే వరసలో ఉన్నాయి. అప్పుడు నేను నడుమ పెట్టుకుని ఉంటే రెండు గదులై బతికేది. తెల్ల గుండీ నడుమ పడితే గుంపంతా చచ్చినట్టే. ఆ రోజు నా వైపు కూర్చుని ఇది నాకు కనబడనే లేదు. ఇప్పుడు కనబడింది. గుండీ తీసి నడుమ పెట్టాను.

“కనవడ్డది గద. ఆ పిల్లకు కనవడలేదనుకుంటున్నవా?” అన్నాడు మామ. కాగితం నా ముందు పెట్టి, అంకెలు చూపించాడు. ఆ జాగా తెరుచుకున్నాక ఆమె ఆరు ఎత్తులు వేరే చోట ఆడింది.

“నువ్వు మంచినీళ్లు తాగొస్త అని లోపలికి పోయినప్పుడు నాకు వేలు పెట్టి చూపెట్టింది. గక్కడ పెడితె ఆమె కాయలన్నీ సచ్చిపోతయి మామా, గాని రేపటిసంది ఆమె నాతోని ఆడదు అన్నది.”

ఆ మాటతో నాకు పశ్చాత్తాపం కలిగిందని రాస్తే బాగుంటుంది, కానీ అది నిజం కాదు. మొదట కలిగింది ఇంకా పెద్ద అసూయ. ఆటలో నాకంటే పైన ఉంది సరే, మనసులో కూడా పైనే ఉందా అని ఏడుపు వచ్చింది. మామ ఓదార్చలేదు. గుండీలు డబ్బాలో పోసి, ఆ డబ్బా నా చేతిలో పెట్టాడు.

దుకాణంలో చాచా మిషను తొక్కుతున్నాడు, ఆమె కింద కూర్చుని కాజాలు కుడుతోంది. నేను గుమ్మంలోనే చెప్పేశాను. “గుండీలు నేనే బొగ్గుల దాసిన. ఆమె తియ్యలేదు.”

మిషను ఆగింది. “నా బిడ్డ తియ్యదని నాకెరుకే అమ్మా. గాని మీ అవ్వకు ఎట్ల ఎరుక? గామెకు గూడ చెప్పు” అన్నాడు చాచా. ఆ గొంతులో కోపం లేదు. అందుకే ఇంటికి పోయి అవ్వకు చెప్పడం ఇంకా కష్టమైంది.

ఆమె తల ఎత్తకుండానే అడిగింది. “ఎందుకు దాసినవ్?”

“నువ్వు నాకంటె మంచిగ ఆడుతున్నవని. కుళ్లుతోని” అన్నాను. ఆ మాట అప్పటిదాకా నాలో నేను కూడా అనుకోలేదు. బయటికి వచ్చాక చూస్తే ఇంతేనా అనిపించింది. “ఇగ ఆటల నన్ను ఇడిశిపెట్టకు. సంపాల్నంటే సంపు” అని కూడా అన్నాను.

ఆమె పళ్లతో దారం తెంపి, “రేపొస్త” అంది.

వచ్చింది. విడిచిపెట్టలేదు. వేసవి సెలవులన్నీ నేను ఓడిపోతూనే ఉన్నాను. వానలు పడ్డాక ఒక మధ్యాహ్నం లెక్క చూస్తే నాకు రెండు గళ్లు ఎక్కువ వచ్చాయి. ఆమె రెండోసారి లెక్కపెట్టింది. మూడోసారి లెక్కపెట్టింది. తర్వాత ఎర్రబడ్డ ముఖంతో లేచి, వానలోనే, నాతో ఒక్క మాట అనకుండా వెళ్లిపోయింది. నాకు అంత సంతోషం మళ్లీ కలగలేదు. గెలిచినందుకు కాదు. ఆమెకు నిజంగా కోపం వచ్చింది కాబట్టి నేను నిజంగా గెలిచాను. అదీగాక, నేను ఒక్కదాన్నే అలాంటిదాన్ని కాదని ఆ రోజు తెలిసింది. మూడు రోజులు ముఖం మాడ్చుకుని, నాలుగో రోజు తనే వచ్చి కూర్చుంది. కొన్నేళ్లకు వాళ్లు దుకాణం ఎత్తేసి మెట్‌పల్లికి పోయారు. అప్పటికి ఆమె గెలిచిన ఆటలే ఎక్కువ.

ఇప్పుడు కరీంనగర్‌లో ఉంటున్నాను. ఉద్యోగం అయిపోయింది. ఫోనులో ముఖం తెలియని మనుషులతో ఆడతాను, సెలవు రోజుల్లో వీధిలోని పిల్లలకు నేర్పుతాను. వాళ్లలో ఏడో తరగతి చదివే అమ్మాయి ఒకతి మొన్న నన్ను ఓడించింది. ఇన్నేళ్ల వయసులో కూడా లోపల అదే మంట. “నిన్ను చూస్తే నాకు కుళ్లుగున్నది బిడ్డా” అన్నాను.

ఆ పిల్ల కాయలు ఏరుకుంటూ, “నాకు నిరుడంత మీ మీద ఉండె టీచర్” అంది.

ఇద్దరం ఇంకో ఆట మొదలుపెట్టాం. అసూయ నన్ను విడిచిపోతుందన్న ఆశ నాకెప్పుడో పోయింది. అది వచ్చినప్పుడు, ఎవరి మీద వచ్చిందో వాళ్లకే చెప్పేసి ఎదురుగా కూర్చోవడం మాత్రం ఆ ఆదివారం నుంచి నాతోనే ఉంది.