ఫిరంగి దళం వారి ఇత్తడి బిళ్ల

నాకు దెయ్యాల మీద నమ్మకం లేదు. ఇది రాస్తున్నాను కాబట్టి ఇప్పుడు కలిగిందేమో అనుకోకండి. నరసాపురంలో మా ఇంట్లో పొద్దునా సాయంత్రం ప్రార్థన ఉండేది గానీ దెయ్యం కబుర్లకి చోటుండేది కాదు. ఎవరైనా మొదలుపెడితే మా నాన్న, "చూసినవాణ్ణి తీసుకురండి, మాట్లాడదాం" అనేవారు. ఎవరూ తీసుకురాలేదు.

పైగా నా ఉద్యోగం సాఫ్ట్‌వేర్ టెస్టింగ్. "ఒక్కసారి ఎర్రర్ వచ్చింది, మళ్లీ రాలేదు" అంటే నేను ఒప్పుకోను, నా ముందు మళ్లీ చేసి చూపించమంటాను. నాకు జరిగినది మాత్రం నేనే మళ్లీ చేసి చూపించలేను.

మేం వర్జీనియాలో హెర్న్‌డన్ దగ్గర ఉంటాం. మా ఊరి లైబ్రరీలో ఒక చిన్న చరిత్ర సంఘం ఉంది. పాత వస్తువులకి ఫొటోలు తీసి కంప్యూటర్లో ఎక్కించడానికి మనుషులు కావాలని బోర్డు పెడితే, వారాంతాల్లో ఏం తోచక వెళ్లాను. అక్కడ మార్గరెట్ పరిచయమైంది. రిటైరైన స్కూల్ టీచర్. సన్నగా, నిటారుగా ఉంటుంది, గొంతు మాత్రం పెద్దది. ఆవిడ జీవితమంతా ఒక్క విషయం మీదే పనిచేసింది. అది మా ప్రాంతపు వాలంటీర్ ఫిరంగి దళం.

రెండు వందల ఏళ్ల కిందట బ్రిటిష్ వాళ్లతో రెండోసారి యుద్ధం వచ్చినప్పుడు ఈ చుట్టుపక్కల రైతులు, కమ్మరులు, దుకాణాల వాళ్లు తలా కొంత వేసుకుని ఒక ఫిరంగి కొన్నారట. జీతం లేదు. పనులు మానుకుని వచ్చి కవాతు చేసేవారు. వాళ్ల టోపీ మీద ఏ గుర్తు ఉండేదో ఎవరికీ తెలియదు. "పేర్లు పోయాయి సరే, కనీసం దేన్ని చూసి గర్వపడేవాళ్లో తెలుసుకోవాలి" అనేది మార్గరెట్. ఆ మాటతో నేనూ అందులో పడిపోయాను. బొత్తాలు, బెల్టు బిళ్లలు, టోపీ బిళ్లలు, ఏ దళానికి ఏ గుర్తో చూడగానే చెప్పగలిగేదాకా వచ్చాను. మా ఆయన ప్రభాకర్, "ఆఫీస్ ట్రైనింగ్‌కి ఇంత చదివితే ఈపాటికి మేనేజర్ అయ్యేదానివి" అని నవ్వేవాడు.

అలాంటి సమయంలో పొలం గొడవ వచ్చింది.

ఊరి చివర చిన్న రాతి చర్చి పక్కన ఒక ఖాళీ పొలం ఉంది. ఆ దళం అక్కడే విడిది చేసిందనీ, విషజ్వరంతో పోయినవాళ్లని అక్కడే పూడ్చారనీ ఊళ్లో అనుకునేవారు. దాన్ని ఒక కంపెనీ డేటా సెంటర్ కోసం కొంది. ఆధారం చూపిస్తే ఆపుతామని కౌంటీ వాళ్లు, అంటే ఇక్కడి జిల్లా అధికారులు, అన్నారు. మా దగ్గరున్న ఆధారం ఒక్కటే. ఎప్పుడో దున్నుతుంటే ఆ పొలంలో దొరికిన ఇత్తడి టోపీ బిళ్ల, అదీ సగం ముక్క. దాని మీద ఒక గిన్నె, కింద కాడ, అంటే కాడ ఉన్న ద్రాక్షారసం గిన్నెలాంటి బొమ్మ ఉంది. కంపెనీ పిలిపించిన నిపుణుడు అది పక్క కౌంటీ దళం గుర్తని తేల్చేశాడు. ఆ దళం ఆ దారిన పోతుంటే ఎవరి టోపీ నుంచో ఊడిపడిందన్నాడు. మేం కాదనలేకపోయాం, ఎందుకంటే ఆ దళం గుర్తు నిజంగానే గిన్నె.

కౌంటీ విచారణ దగ్గర పడింది. దానికి ముందు శనివారం పార్కులో చరిత్ర వేడుక జరిగింది. అంతర్యుద్ధ కాలపు దుస్తులు వేసుకున్న బృందం ఒకటి ఫిరంగి పేల్చి చూపిస్తోంది. పచ్చిక మీద మా సంఘం బల్ల. నేను కూర్చున్నాను, నా ముందు గాజు మూత పెట్టెలో ఆ బిళ్ల. పట్టపగలు, మంచి ఎండ, పిల్లల అరుపులు, పాప్‌కార్న్ వాసన. భయపడే వాతావరణం ఏమాత్రం కాదు.

ఒక మనిషి వచ్చి బల్ల ముందు నిలబడ్డాడు. పొట్టిగా, ఎండకి మాడిన ముఖం. వెలిసిపోయిన నీలం కోటు, ఎత్తైన తోలు టోపీ. టోపీకి ముందు వైపు రెండు కన్నాలు, వాటి మధ్య తోలు కాస్త లేతరంగులో ఉంది. ఏదో ఊడిపోయిన చోటులా. ఎడమ బొటనవేలికి తోలు తొడుగు, మణికట్టుకి తాడుతో కట్టి ఉంది. వేషం వేసుకున్నవాళ్లలో ఒకడనుకున్నాను. ఎవరైనా అదే అనుకుంటారు.

ఆయన బిళ్ల వైపు చూపించి చెయ్యి చాపాడు. ఎవరి చేతికీ ఇవ్వకూడదని మార్గరెట్ గట్టిగా చెప్పింది. అయినా ఎందుకో మూత తీసి ఇచ్చేశాను. ఆయన దాన్ని ఇటు నుంచి అటు తిప్పి, తొడుగున్న వేలితో ఒక్కసారి రుద్ది, బల్ల మీద గుడ్డపై పెట్టాడు.

"తలకిందులుగా చూస్తున్నారు" అన్నాడు ఇంగ్లిష్‌లో. కోపం లేదు, వెక్కిరింపూ లేదు. కాస్త అలసట ఉంది.

అంతలో ఫిరంగి పేలింది. నేను ఉలిక్కిపడి కళ్లు మూసుకున్నాను. తెరిచేసరికి పచ్చిక మీదంతా పొగ, బల్ల ముందు ఎవరూ లేరు. బిళ్ల గుడ్డ మీద ఉంది. ఇప్పుడు అది గిన్నె కాదు. కాడ పైకి వచ్చింది. అది గంట.

ప్రభాకర్ కాఫీ కప్పులతో వచ్చి, "ఎవరు సునీతా ఆయన? అంత ఎండలో ఆ కోటేంటి?" అన్నాడు. అంటే చూసింది నేనొక్కదాన్నే కాదు. ఇది ముఖ్యం కనుక రాస్తున్నాను.

కానీ ఆ క్షణం నాకు ఆయన గురించి ఆలోచన లేదు. ఆ గంటని నేనెక్కడో విన్నాను. అవును, విన్నాను. మా తెలుగు క్రైస్తవ సంఘం ఆదివారం మధ్యాహ్నాలు, అమెరికన్ సంఘం ఆరాధన అయ్యాక, ఆ పొలం పక్క రాతి చర్చిలోనే ఆరాధన చేసుకుంటుంది. పైన పాత గంట ఉంది. కింది నుంచి తాడు లాగి మోగించడమే తప్ప పైకెక్కి చూసినవాళ్లు మాలో ఎవరూ లేరు.

మర్నాడు ఆరాధన అయ్యాక, చర్చి పెద్దల అనుమతి తీసుకుని పాస్టర్ గారిని అడిగాను. "నిచ్చెన పాతదండి సిస్టర్, నేను పట్టుకుంటాను, మెల్లగా ఎక్కండి" అన్నారు. చీర కొంగు నడుముకి దోపి ఎక్కాను. పావురాల రెట్ట, బూజు. ఫోన్ లైట్ వేసి గంట చుట్టూ చేత్తో తుడుస్తూ వచ్చాను. రోడ్డు వైపు ఏమీ లేదు. పొలం వైపు చెయ్యి పెట్టగానే వేళ్లకి గరుకుగా తగిలింది. పోతపోసిన బొమ్మ. పైన గంట, దాని కింద అడ్డంగా రెండు ఫిరంగులు, వాటి కింద మా దళం పేరు, 'కానుక' అన్న మాట.

"దొరికింది!" అని అరిచాను. ఆ గదిలో నా అరుపుకి గంట సన్నగా రొద చేసింది. కింద పాస్టర్ గారు, "స్తోత్రం!" అన్నారు, ఏం దొరికిందో తెలియకుండానే.

మార్గరెట్‌కి ఫోన్ చేస్తే ఆవిడ గంట మీది ప్రతి అక్షరం రెండుసార్లు చదివించుకుంది. తర్వాత, "కారు తీస్తున్నాను" అంది. ఆ వయసులో ఆ నిచ్చెన ఎక్కింది. మేం వద్దన్నా వినలేదు.

విచారణలో బిళ్ల ఫొటో, గంట మీది బొమ్మ ఫొటో పక్కపక్కన పెట్టాం. గంట ఆకారం, దాని పైన పట్టు, అంచున చిన్న గీత, అన్నీ కలిశాయి. బిళ్లలో విరిగిపోయిన సగం ఆ ఫిరంగులున్నదే. నిపుణుడు కళ్లజోడు తీసి తుడుచుకుని పెట్టుకుని, "నేను పొరబడ్డాను" అన్నాడు. ఆ మాట అనడానికి పెద్ద మనసుండాలి. నేల కింద చూసే యంత్రం తెప్పించారు. పొలం పడమటి అంచున సమాధులు బయటపడ్డాయి, ఒకే వరసలో, ఒకే దిక్కుకి. కంపెనీ తన కట్టడాన్ని రోడ్డు అవతలికి జరుపుకుంది.

ఆ స్థలాన్ని ఊరికి అప్పగించిన రోజు ఇటు అమెరికన్ సంఘం, అటు మా తెలుగు సంఘం కలిసి నిలబడ్డాం. మార్గరెట్ కోటుకి కొత్తగా చేయించిన బిళ్ల తళతళలాడుతోంది. తాడు నా చేతికిచ్చారు. నేను లాగినంత గట్టిగా ఆ గంటని ఈమధ్య ఎవరూ లాగి ఉండరు. మార్గరెట్ ఏడుస్తూ చప్పట్లు కొట్టింది. మావాళ్లు చేసిన పులిహోర, వాళ్లు తెచ్చిన ఆపిల్ పై, రెండూ అయిపోయాయి.

ఇక మిగిలినవి చెబుతాను. ఫిరంగి బృందం నాయకుణ్ణి నేనే వెళ్లి అడిగాను. వాళ్లలో ఎవరికీ తోలు టోపీ లేదు, అది వాళ్లు వేసే వేషాలకన్నా రెండు తరాల ముందటిది. బొటనవేలి తొడుగు వాళ్ల దగ్గర ఒక్కటే ఉంది. మందు దట్టించేటప్పుడు ఫిరంగి వెనక రంధ్రాన్ని వేలితో మూసి ఉంచే మనిషి దాన్ని వేసుకుంటాడట. ఆ రోజు దాన్ని వేసుకున్న కుర్రాడు నా బల్ల దగ్గరికి రాలేదు. ఇంకొకటి, బిళ్ల మీద ఆయన రుద్దిన చోట చిలుము పోయి ఇత్తడి కొత్తదానిలా మెరుస్తోంది. దాన్ని శుభ్రం చేసిన నిపుణురాలు, వేలితో ఒక్క రుద్దుకి అది పోవడం అసాధ్యమంది.

బిళ్లని లైబ్రరీలో ప్రదర్శనకి పెట్టేటప్పుడు, పక్కన అట్ట మీద "గుర్తించినది" అన్న చోట మార్గరెట్ నా పేరు రాయబోయింది. నేను ఆపాను. జరిగిందంతా అప్పుడే మొదటిసారి ఆవిడకి చెప్పాను. నవ్వుతుందనుకున్నాను. నవ్వలేదు. కలం తీసుకుని, "ఒక వాలంటీర్" అని రాసింది.

ఆయన ఎవరో నాకు తెలియదు. ప్రభాకర్‌కీ తెలియదు, మేమిద్దరం ఆ మాట ఎత్తం కూడా. దెయ్యాల మీద నాకు ఇప్పటికీ నమ్మకం లేదు. కానీ చూసినవాళ్లని తీసుకురమ్మని మా నాన్న అడిగితే, వెళ్లాల్సింది నేనే.