వాసంతి, సగంలో ఆగిన వికీ

చంపాపేట్ వాసంతికి నోట్లో నాలుక లేదని చుట్టాలంతా అంటారు. ఎందుకు లేదూ, ఉంది. దాన్ని వాడుకోవడమే ఆమెకు చేతకాలేదు.

ఆమె పుట్టిల్లు పోచంపల్లిలో ఒక మగ్గం ఇల్లు. తండ్రి రామస్వామి చీరెలు నేసి ఆమెను కంప్యూటర్ డిగ్రీ చదివించాడు. పెళ్లికి ముందు ఒక చిన్న కంపెనీలో కుదిరింది. అక్కడ మేనేజరు కస్టమర్ల వివరాలన్నీ తానే పోగొట్టి, "వాసంతి చేసింది" అనేశాడు. ఆ పెద్దమనిషికి నోరెలా వచ్చిందో గాని, ఈమెకు మాత్రం పెగల్లేదు. తలొంచుకుని బయటికి వచ్చేసింది. తర్వాత పెళ్లి, పిల్లలు, ఎల్బీ నగర్‌లో భర్త నరేష్‌కుమార్ చీరెల షాపులో బిల్లింగు. చదివిన చదువు అటకెక్కింది.

పిల్లలు కాస్త ఎదిగాక మళ్లీ ఉద్యోగం వెతుక్కుంది. దిల్‌సుఖ్‌నగర్‌లో పోటీపరీక్షల కోచింగ్ సెంటరు నడిపే విశ్వేశ్వరరావుగారు "ఒక వారం చూస్తానమ్మాయ్" అన్నారు. ఆయనకొక వికీ కావాలి. అంటే లెక్చరర్లందరూ నోట్సు ఒకేచోట రాసి, ఒకరిది ఒకరు దిద్దుకునే వెబ్‌సైటు. అది నడిస్తే ఉద్యోగం ఆమెది. నడవకపోతే మురళీకృష్ణ అని ఇంకొకాయన సిద్ధంగా ఉన్నాడు.

గురువారం పొద్దున ముహూర్తం పెట్టారు. గుంటూరు నుంచి వచ్చి ఎన్నేళ్లయినా, పంచాంగం చూడకుండా పెన్ను కూడా కొనని మనిషి ఆయన. మానిటర్‌కు బంతిపూల దండ, కీబోర్డు అంచున కుంకుమ బొట్టు. కొబ్బరికాయ కొట్టారు. లెక్చరర్లు స్వీటు ముక్కలు చేతిలో పట్టుకుని నిలబడ్డారు. వాసంతి బటన్ నొక్కింది.

డేటాబేస్ అందడం లేదని తెర మీద ఎర్రటి అక్షరాలు పడ్డాయి.

వికీలో రాసేదంతా దాచుకునే అర డేటాబేస్. చూస్తే అది అసలు మొదలే కాలేదు. మొదలుపెట్టింది. పాస్‌వర్డు చూసింది, సరిగానే ఉంది. అనుమతులూ ఉన్నాయి. మళ్లీ నొక్కింది. ఈసారి అందులో గళ్ల పట్టికలు ముందే ఉన్నాయి, కొత్తవి కట్టలేనంది కంప్యూటర్.

"ఏంటమ్మా ఇది? చేతకాకపోతే ముందే చెప్పొచ్చుగా! ఆ మురళీకృష్ణని పిలిస్తే ఈపాటికి అయిపోయేది," అన్నారు విశ్వేశ్వరరావుగారు. ఆయన కూతురు బిందుమాధవి అప్పుడే ఫోను చేతిలోకి తీసుకుంది.

వాసంతి వేళ్లు ఆగలేదు. డేటాబేస్ తెరిచి లోపలికి చూసింది. పట్టికలు సగమే ఉన్నాయి. అన్నీ బుధవారం మధ్యాహ్నానివి. నిన్న వికీని ఎక్కించే ఇన్‌స్టలేషన్ నడుస్తుండగా ఆమె అన్నం తినడానికి వెళ్లింది. వచ్చేసరికి కంప్యూటర్ ఆరిపోయి ఉంది. కరెంటు పోయిందేమో, రేపు ముహూర్తానికి ఎలాగూ మళ్లీ నొక్కాలిగా అనుకుంది. కానీ ఆ సమయానికి ఈ గదిలో ఉన్నది సార్ ఒక్కరే.

అడగాలా? అడిగితే ఉద్యోగం పోతుందేమో. అడక్కపోతే ఎలాగూ పోతుంది, పైగా నింద కూడా తనదే. మళ్లీ తలొంచుకుని మెట్లు దిగడం తలుచుకుంటేనే ఆమెకు ఒళ్లు మండింది.

"సార్, నిన్న పగటీలి సిస్టం మీరు బంద్ చేసిండ్రా?"

లెక్చరర్లు ఆయన వైపు తిరిగారు.

"అవును, ఆపేశాను. రాహుకాలంలో ఎవరైనా మొదలెడతారా? ముహూర్తానికి మళ్లీ చేసుకుంటావు కదా అని స్విచ్ కట్టేశా. దానికీ దీనికీ సంబంధమేంటి?"

"మగ్గం మీద సగం నేసిన చీరె ఉండంగ కొత్త పడుగు ఎట్ల ఎక్కిస్తం సార్? నిన్నటిది సగంల ఆగింది. అది తీస్తెనే కొత్తది పడతది."

"తీయడమంటే చెరిపేస్తావా? శుభమా అని మొదలెడుతూ చెరపడమేంటమ్మా!"

"వాకిలి ఊడ్చినంకనే గద సార్ ముగ్గేసేది."

లెక్చరర్లలో ఎవరో కిసుక్కున నవ్వారు. విశ్వేశ్వరరావుగారు నవ్వలేదు. కళ్లద్దాలు తీసి, తుడుచుకుని, మళ్లీ పెట్టుకున్నారు. "సరే, ఊడ్చేయ్," అన్నారు.

ఆమె తొందరపడలేదు. పట్టికల్లో ఎవరి రాతలూ లేవని ఒక్కొక్కటీ చూసుకుంది. అయినా ఒక కాపీ తీసి పక్కన పెట్టింది. ఆ తర్వాతే పాత డేటాబేస్ తీసేసి, కొత్తది కట్టి, మళ్లీ బటన్ నొక్కింది. తెర మీద వికీ మొదటి పేజీ తెరుచుకుంది. చప్పట్లు మోగాయి.

విశ్వేశ్వరరావుగారు చెయ్యెత్తారు. "ఆగండి. పొరపాటు నాది. నిన్న మధ్యలో ఆపింది నేను, ఇందాక మాటలన్నది కూడా నేనే. సరిచేసింది వాసంతిగారు." కూతురివైపు తిరిగి, "మురళీకృష్ణకి రావద్దని చెప్పమ్మా," అన్నారు.

వాసంతి మెట్ల దగ్గరికి వచ్చి భర్తకు ఫోన్ చేసింది.

"ఏమైంది? నౌకరి ఒచ్చిందా?" అన్నాడు నరేష్‌కుమార్.

"ఒచ్చింది. అది కాదయ్యా... సారు తప్పు నాదే అన్నరు. అందరి ముంగట అన్నరు," అంటూ ఆమె బావురుమంది.