పెనిమిటి సంతకం

నా చిన్నప్పుడు అమీర్‌పేటలోని మా ఇంటికి ఆడవాళ్లు ఎక్కువగా వెనక వాకిలి నుంచే వచ్చేవారు. మా నానమ్మ మంత్రసాని. మా గల్లీలో సగం మంది పిల్లలకు బొడ్డు కోసింది ఆమే. కడుపు వద్దని వచ్చేవాళ్లను మాత్రం గడప దాటనిచ్చేది కాదు. అది పాపమని ఆమె నమ్మకం. అందుకు చట్టం ఒప్పుకుంటోందని ఎవరైనా అంటే, పెనిమిటి సంతకం లేకుంటే జైలేనని తేల్చేసేది. ఎవరిని అడిగి తేల్చిందో తెలియదు. మా నానమ్మకు చెప్పే అలవాటే గాని అడిగే అలవాటు లేదు.

ఒకనాడు పక్కింటి అక్క వచ్చింది. ముగ్గురు పిల్లల తల్లి, ఒంట్లో నెత్తురు లేదు. కిందటి కాన్పులో ఆమెను చావు నుంచి బయటికి లాగింది నానమ్మే. మళ్లీ నెల తప్పింది. సెలవుకు వచ్చిన మొగుడు అప్పటికే దుబాయి తిరిగి వెళ్లిపోయాడు. నానమ్మ కాదంటే పుల్ల పెట్టి కడుపు తీసే మనిషి దగ్గరికి పోతానంది అక్క. ఆ పుల్ల ఏం చేస్తుందో నానమ్మకు బాగా తెలుసు.

మర్నాడే అక్కను పంజాగుట్టలో ఒక డాక్టరమ్మ దగ్గరికి బయల్దేరదీసింది. మొగుడి స్థానంలో సంతకం పెట్టడానికి మా బాబాయిని వెంటబెట్టుకుంది. ఇంట్లో ఎవరూ లేరని నన్నూ తీసుకెళ్లింది. పెళ్లి కాని బాబాయి ఇస్త్రీ చొక్కా వేసుకుని దారి పొడవునా చెమటలు తుడుచుకున్నాడు. తలుచుకుంటే ఇప్పటికీ నవ్వొస్తుంది.

డాక్టరమ్మ అక్కను పరీక్షించి, ఈ ఒంటితో మోస్తే ప్రాణానికే ముప్పని చెప్పి, కాగితం ముందు పెట్టింది. బాబాయి కలం తీశాడు. ఆమె అతన్ని బయట కూర్చోమంది.

“ఈమె సంతకం చాలు. మొగుడిది అక్కర్లేదమ్మా.”

ఎప్పటి నుంచని నానమ్మ అడిగింది. ఈ చట్టం వచ్చిన నాటి నుంచీ అంతేనంది డాక్టరమ్మ. నానమ్మ బల్ల మీద కూలబడింది.

“బల్కంపేట పిల్ల అడిగితె, పెనిమిటిని తోల్కరమ్మని ఎనక్కి పంపిన. పుల్లకు పోయింది. బతకలే.”

డాక్టరమ్మ కాగితం అక్క వైపు జరిపింది. అక్క సంతకం పెట్టింది.

ఆ తర్వాత కూడా నానమ్మ అది పాపమనే అనేది. కాని అడిగి వచ్చినవాళ్లను తనే పంజాగుట్టకు తీసుకెళ్లేది, దారంతా తిడుతూనే.

ఎవరైనా సాయం అడిగినప్పుడు, కుదరదనే మాట నా నోటిదాకా వస్తే, నేనెన్నడూ చూడని ఆ బల్కంపేట పిల్ల గుర్తొస్తుంది. నోరు మూసుకుని, ముందు వెళ్లి కనుక్కుంటాను.