పెడల్ మీది కట్టె ముక్క

"మా అబ్బాజాన్ పోయిన్రు మేడం. పొద్దుగాల చాయ తాగిన్రు, కుర్చీల కూసున్నట్టే కన్ను మూసిన్రు." జహీరాబాద్ నుంచి ఉస్తాద్ కూతురు ఫోన్ చేసినప్పుడు నేను క్లాసుకు బయలుదేరుతున్నాను. ఆ పూట ఏం పాఠం చెప్పానో ఇప్పటికీ గుర్తు రాదు.

మీలో చాలామందికి ఆయన తెలియదు. ట్రాక్టర్ల కంపెనీలో ముప్పై ఏళ్లు టెస్టింగ్ లైన్ చూసిన మనిషి. చదివింది ఏడో తరగతి. అక్కడ అందరికీ ఉస్తాదే. మధ్యాహ్నం పూట కళ్లు అరమోడ్చి లైన్ వెంట నడుస్తూ, ఒక్కో ఇంజన్ దగ్గర చుట్టాన్ని పలకరించినట్టు తలవంచి ఆగేవారు. ఇప్పుడు ఆయన్ని తలుచుకుంటే నాకు ముందుగా ఆ నడకే కనిపిస్తుంది, కల్లో నడిచే మనిషిలాగా.

మా యూనివర్సిటీ, ఆ కంపెనీ కలిసి వ్యవసాయ యంత్రాల మీద ఎంటెక్ కోర్సు తయారుచేయాలనుకున్నాయి. సిలబస్ రాసే పని నా మెడకు పడింది. కంపెనీ వాళ్లు మేనేజర్లతో పాటు ఆయన్నీ కూర్చోబెట్టారు. తొలి మీటింగులో థియరీ తగ్గించనని నేను, పనికొచ్చేది నేర్పమని మేనేజర్లు గొంతులు చించుకున్నాం. ఆయనేమో సాసర్‌లో చాయ పోసుకుని ఊదుకుంటూ, కిటికీలోంచి ముంబై వైపు పోయే లారీలను చూస్తున్నారు. మీరేమంటారని ఎవరో అడిగారు.

"పిల్లలకు ఇనుడు నేర్పుండ్రి సార్. మిగిలినయన్ని పుస్తకాలల్ల ఉన్నయి గద."

వినడం కూడా నేర్పాలా అని అందరం నవ్వాం. నేను కాస్త గట్టిగానే నవ్వాను. తలుచుకుంటే సిగ్గేస్తుంది.

ఆ మాట నాకు అర్థమైంది ఝరాసంగం చెలకల్లో. కోర్సు ఎలా నడుస్తుందో చూద్దామని నలుగురు విద్యార్థులను తీసుకెళ్లాం. అక్కడ అల్లం వేసిన ఒక రైతు ట్రాక్టర్, గేరు మార్చినప్పుడల్లా గర్రుమంటోంది. గేర్‌బాక్స్ అప్పటికే రెండుసార్లు విప్పి బిగించారట. మావాళ్లు మూడోసారి విప్పడానికి పానాలు తీశారు. ఉస్తాద్ తన పానా జేబులో పెట్టుకుని రైతు పక్కన గట్టు మీద కూర్చున్నారు. అది ఆయన పద్ధతి. యజమాని కడుపులోని మాటంతా చెప్పేదాకా బండి మీద చెయ్యి వేయరు. అల్లం ఎట్లున్నది, వాన పడ్డదా, మోకాలి నొప్పికి ఏ దవాఖానకు పోతున్నవ్... గంట గడిచింది. ఎండ మెత్తగా ఉంది. నాకు కునుకు పడుతుండగా ఆయన గొంతు వినిపించింది.

"ఇప్పుడు బండి ఎవరు తోల్తున్నరు పటేలా?"

"మోకాలు ఖరాబైనప్పటిసంది ఇంట్ల ఆమెనే తోల్తున్నది."

ఉస్తాద్ ఆమెను పిలిచి సీటు మీద కూర్చోమన్నారు. పొట్టి మనిషి. ఎంత చాచినా క్లచ్ సగమే దిగుతోంది. ఇక గేరు గర్రుమనక ఏం చేస్తుంది! ఆయన తుమ్మకట్టె ముక్క చెక్కి పెడల్ మీద బోల్టులతో బిగించారు. గేరు చప్పుడు లేకుండా పడింది.

"బండికి నోరు లేదు బేటీ. ముందుగాల మనిషిని మాట్లాడనియ్యాలె," అన్నారు. మేడమ్‌ను కాస్తా ఆ రోజే బేటీనయ్యాను.

సిలబస్‌లో 'రైతు మాట' అనే పేపర్ అలా పుట్టింది. చెప్పేది ఆయనే. కానీ పీజీ లేనివారి పేరు బోధకుల జాబితాలో వేయకూడదని మా నిబంధన. సిలబస్ పుస్తకం అచ్చుకు తొందరగా ఉందని ఆయన పేరుండాల్సిన చోట నా పేరు రాసేశాను. పుస్తకం చేతికిస్తే ఆ పేజీ మీద పైనుంచి కిందికి మెల్లగా వేలు నడిపారు. మళ్లీ పైనుంచి నడిపారు.

"పేరుదేమున్నది బేటీ, పిల్లలు నేర్సుకుంటే సాలు."

మాట అలా అన్నారు గానీ, నేను ఆ వేలిని చూశాను. రెండో ముద్రణలో మీ పేరు వేయిస్తానని మాటిచ్చాను.

ఏడాది పాటు కాళ్లరిగేలా తిరిగితే కమిటీ ఒప్పుకుంది. ఆయన పేరు అచ్చయిన పుస్తకం నా సంచిలోకి వచ్చి పదిహేను రోజులైంది. ఫోన్‌లో ఒక్క ముక్క చెబితే నా సొమ్మేం పోయేది? వచ్చే మీటింగులో అందరి ముందూ చేతికిద్దామని దాచుకున్నాను. ఈ ముచ్చట నన్ను చాలా కాలం కాలుస్తుంది.

మూడోనాటి ప్రార్థనలకు, జియారత్‌కు వెళ్లి పుస్తకం ఆయన కూతురికిచ్చాను. ఆమె కూడా పేజీ మీద పైనుంచి కిందికి వేలు నడిపింది. సగంలో ఆ వేలు ఆగింది. ఇద్దరం ఏడ్చాం.

తిరుగు బస్సు ఎక్కాల్సినదాన్ని ఎందుకో ఝరాసంగం ఆటో ఎక్కాను. ఆ పొలంలో అల్లం రైతు భార్య ట్రాక్టర్ తోలుతోంది. నన్ను చూసి ఆపింది.

"ఉస్తాద్ రాలేదా మేడం? కట్టె నున్నగైంది, కాలు జారుతున్నది. ఆయన వస్తే జర గీట్లు కొట్టిచ్చుకుందమని చూస్తున్న."

తుమ్మకట్టె మీద ఆమె పాదం అంత మేర గుంట పడి, ఎండకు మెరుస్తోంది. చెప్పాలి. వెళ్లి గట్టు మీద కూర్చున్నాను.

ఆమె ఇంజన్ ఆపి దిగి వచ్చింది. నా పక్కన, అప్పుడు ఉస్తాద్ కూర్చున్న చోటే కూర్చుంది. వేడి ఇంజన్ చల్లబడుతూ టిక్కు టిక్కుమంటోంది. నేను నోరు తెరిచేదాకా ఆమె ఏమీ అడగలేదు.