ఒక్కొక్కరికే ఉత్తరం

జంపయ్య సారు ఒకరి పేరు ఇంకొకరి చెవిన పడనివ్వడు. అదొక్కటే ఆయన జబ్బు. నేలకొండపల్లిలో ఒకే ఇంట్లో ఉండే అన్నదమ్ములిద్దరినీ కూతురి పెళ్లికి విడివిడిగా పిలిచి, ఎవరికీ చెప్పొద్దని ఇద్దరి దగ్గరా మాట తీసుకున్నాడు. వాళ్లు ఒకరికి తెలియకుండా ఒకరు బయలుదేరి, ఒకే బస్సులో పక్కపక్క సీట్లలో తేలారు.

"గట్లెందుకు చేసినవ్ సారూ?" అని ఆయన పాత స్నేహితుణ్ని నేనడిగితే, "చిన్నోన్ని పిలిచిన సంగతి పెద్దోనికెందుకు?" అన్నాడు.

రిటైరయ్యాక, నలభై దాటి పదో తరగతి రాస్తున్న ఉద్యోగస్థులు పందొమ్మిది మందికి ఈమెయిల్‌లో లెక్కల పాఠాలు పంపేవాడు. అది రెండువేల ఏడు. ఖానాపురం హవేలిలో కోటేష్ నెట్ సెంటర్లో కూర్చుని, ఒకే పాఠాన్ని పందొమ్మిది సార్లు పంపేవాడు. కోటేష్‌కు ఓపిక పోయింది.

"సార్, ఇక్కడ బీసీసీ అని గడి ఉన్నది. అందరినీ అండ్ల పెట్టి ఒక్కసారే పంపుండ్రి. ఒకరి అడ్రసు ఒకరికి కనపడదు."

"కనపడదని నువ్వు చూసినవా?"

"కనపడందాన్ని ఎట్ల చూస్త సార్?"

"మరి నేనెట్ల నమ్మాలె?"

పరీక్ష ముందురోజు ఆయనకు మలేరియా. ఆఖరి పాఠం మెయిల్‌లో సిద్ధంగా ఉందని చెప్పి, దవాఖానా మంచం మీద నుంచే నాకు అడ్రసుల కాగితం ఇచ్చాడు. పాస్‌వర్డు చెప్పేముందు నర్సును బయటికి పంపించాడు.

"ఒక్కొక్కరికే పంపు. వీళ్లల్ల ఒకామె ఉన్నది. నలుగురికి తెలిస్తే పరీక్షకే రానన్నది."

పుస్తకాలు తిప్పడం తప్ప నా వేళ్లకు వేరే పని రాదు. అక్షరం వెతుక్కుంటూ పందొమ్మిది అడ్రసులూ ఒకే గడిలో కొట్టి పంపేశాను. వెనక నిలబడ్డ కోటేష్ కొయ్యబారిపోయాడు.

"బాబాయ్, గది బీసీసీ కాదు, పై గడి. అందరి అడ్రసులు అందరికీ పోయినయ్."

"వెనక్కి గుంజు" అన్నాను.

"బస్సా బాబాయ్, చెయ్యెత్తి ఆపనీకి?"

దవాఖానాకు ఎలా చేరానో నాకే తెలియదు. సంగతి చెప్తే సారు కళ్లు కూడా తెరవలేదు. "కాగితం చదువు" అన్నాడు.

అప్పటిదాకా అక్షరాలు కొట్టానే గాని చదవలేదు. ఇప్ప, తునికి, మద్ది, మోదుగ... అన్నీ అడవి చెట్లు. ఒక్క మనిషి పేరు లేదు.

"ఇవేంది సారూ?"

"ఒక్కొక్కరికి ఒక్కో చెట్టు పేరు మీద నేనే అడ్రసు తెరిపిచ్చిన. ఎప్పటికైనా నీలాంటోడు తగుల్తడని తెల్సు."

నలభై ఏళ్ల స్నేహంలో నా మీద ఆయనకున్న అభిప్రాయం అప్పుడు తెలిసింది. మలేరియా నాకొచ్చినట్టయింది.

సాయంత్రం కోటేష్ ఒక కాగితం తెచ్చాడు. నేను కంగారులో మూయకుండా వదిలేసిన సారు ఈమెయిల్‌కు జవాబొచ్చింది. అది మిగతా అందరికీ కూడా పోయిందట. కింద 'ఇప్ప' అని ఉంది.

"ఇంతమందిమి ఉన్నమా? ఈ వయసుల నేనొక్కదాన్నే అనుకుని సిగ్గుపడ్డ. రేపు పరీక్షకు వస్త."

సారు దాన్ని రెండుసార్లు చదివి గోడవైపు తిరిగాడు. దుప్పటి కింద నవ్వాడేమో, మంచం కదిలింది. కాసేపటికి ఇటు తిరిగి, కాగితం మడిచి దిండు కింద పెట్టుకుని, నన్ను ఉరిమి చూశాడు.

"నాకొచ్చిన ఉత్తరం నువ్వెందుకు చదివినవ్?"