తూము అవతలి కేక

మా నాయిన పినపాక, బూర్గంపాడు మధ్య కిరాయి జీపు నడిపేవాడు. ఆ అడవి దారిలో ఒకచోట బొగ్గు రైళ్ల పట్టాల కిందుగా రోడ్డు పోయేది. కాగితాల మీద దాని పేరు అండర్ బ్రిడ్జి, మా నోట తూము. పైన పట్టాలు వరసలు వరసలుగా ఉండడంతో అది పొడుగ్గా, నడుమ వంకర తిరిగి, ఒక్క బండి పట్టేంత ఇరుకుగా ఉండేది. కట్టినవాళ్లు అందులో ఎన్నడూ బండి నడిపి ఉండరు. ఎండలోంచి లోపలికి పోగానే కళ్లు కాసేపు పనిచేయవు. హారన్ కొడితే లోపలే మోగి మోగి, అది మనదో, ఎదుటి లారీదో తెలిసేది కాదు.

అందుకే అమ్మ దిగేది. జీపులో ముందు సీటు ఆమెది, కిరాయిలు వసూలు చేసేదీ ఆమే. తూము దగ్గర నాయిన ఇంజను ఆపేవాడు. అమ్మ కుచ్చిళ్లు ఎత్తిపట్టుకుని లోపలికి నడిచి, అవతల ఎదురు బండి ఉంటే చెయ్యెత్తి ఆపి, "రావయ్యో!" అని కేకేసేది. ఇంట్లో ఆమె అంత గొంతు ఎత్తగా నేను వినలేదు. అప్పుడు నాయిన లైట్లు వేసి మెల్లగా పోనిచ్చేవాడు.

ఒక వానాకాలం అమ్మకు జ్వరం మెదడుకెక్కింది. భద్రాచలం దవాఖానా నుంచి ఆమెను నేరుగా సమాధుల తోటకే తీసుకువచ్చాం. వారం తిరక్కుండానే నాయిన జీపు బయటికి తీశాడు. నాకు ఒళ్లు మండిపోయింది. చాలా రోజులు ఆయనతో ముక్తసరిగానే మాట్లాడాను.

ఇంటర్ పరీక్షలయ్యాక కిరాయిలు తీసుకోవడానికి నేను అమ్మ సీట్లో కూర్చున్నాను. మొదటిరోజు తూము దగ్గర దిగబోతే నాయిన చెయ్యి అడ్డం పెట్టాడు. ఇంజను ఆపి, తల కొంచెం వంచి విన్నాడు. ఎవరికో సరే అన్నట్టు తలూపి బండి పోనిచ్చాడు. ఎదురుగా వచ్చే బండ్ల చప్పుడు వింటున్నాడని జీపులో అందరం అనుకున్నాం.

ఒక మధ్యాహ్నం అట్లాగే విని, తలూపి, లోపలికి పోయాం. వంకర దగ్గర లారీ లైట్లు మా మొహాల మీద పడ్డాయి. నాయిన జీపును గోడకు రాసుకునేలా తిప్పి ఆపాడు. వెదురు లోడు లారీ జానెడు దూరంలో ఆగింది. వెనక సీట్లో ఒక పసిపిల్ల గుక్కపట్టింది. లారీ డ్రైవరు తిట్టిన తిట్లు రాసేవి కావు.

నాయిన జీపును తూము బయటికి వెనక్కి తీశాడు. లారీ వెళ్లిపోయాక అడిగాను.

"ఏంది నాయినా, అంతసేపు విన్నవు గదా, లారీ చప్పుడు రాలేదా?"

"నేను చప్పుడు కోసం వినలేదు బిడ్డా. మీ అమ్మ రమ్మన్నది. రోజూ అంటది, ఇయ్యాల గూడ అన్నది. లారీ వస్తుంటే ఎట్ల రమ్మన్నదో నాకు తెలుస్తలేదు."

నాకు తెలిసింది. అమ్మ దారి ఖాళీగా ఉందని చెప్పడం లేదు, ఆయన్ని తన దగ్గరికి పిలుచుకుంటోంది. కన్నతల్లిని చూసి భయపడాల్సి వస్తుందని నేనెన్నడూ అనుకోలేదు.

"నువ్వు ఈడనే ఉండు. నేను పిలిస్తేనే రా. ఇంకెవరు పిలిచినా కదలకు," అన్నాను.

తూములోకి నడిచాను. గోడలు చెమ్మగా ఉన్నాయి, గబ్బిలాల కంపు. ఆ కేక నాకూ వినబడుతుందేమోనని వంకర దాటేదాకా భయపడ్డాను. వినబడితే బాగుండునని కూడా అనిపించింది. అవతల రోడ్డు ఖాళీగా ఉంది. "నాయినా, రా!" అని అరిచాను. జీపు కదల్లేదు. మళ్లీ అరిచాను. గొంతు బొంగురుపోయేదాకా అరిచాను. చాలాసేపటికి లోపల లైట్లు వెలిగాయి.

జీపు బయటికొచ్చి ఆగింది. నాయిన స్టీరింగు మీద తల పెట్టి, కూర్చున్నవాళ్లందరి ముందూ వెక్కివెక్కి ఏడ్చాడు.

"ఎంతసేపు విన్నా నీ గొంతే బిడ్డా. మీ అమ్మ పిలుస్తలేదు. మీ అమ్మ ఇగ లేదు."