మగచేప మీద అనుమానం

మా బావ మొగిలయ్య పుట్టి బుద్ధెరిగి సముద్రం చూడలేదు. అయినా నాచారంలో తన రెండు గదుల ఇంట్లో, ముందుగదిలోనే, నీళ్లలో ఉప్పు పొడి కలిపి సముద్రం తయారుచేశాడు. ఆ గాజు తొట్టిలో రెండు క్లౌన్ చేపలు, నారింజ రంగు మీద తెల్ల పట్టీలు. పెద్దది ఆడది. బొటనవేలంత ఉన్నది మగది. ఉప్పల్‌లో అక్వేరియం దుకాణం నడిపే ఫణీంద్ర వాటిని ఇచ్చి, గుడ్లు నిలబెట్టి పిల్లలు తీస్తే దుకాణంలో చేపల పెంపకం గది తాళాలు నీకే ఇస్తానన్నాడు.

ఆ తాళాల మాటే బావకు నిద్ర లేకుండా చేసింది. అంతకుముందు ఒక ఫ్యాక్టరీ స్టోరుకు పదకొండేళ్లు కాపలా కాశాడు. రాగితీగ మాయమైందని ఒకనాడు తాళాలు లాక్కుని గేటు బయటికి పంపేశారు. రుజువేమీ లేదు. స్టోరులోంచి చెత్త మోసుకెళ్తుంటే ఎవరో చూశారట, అంతే. తర్వాత చర్లపల్లిలో ఒక గోదాము గేటు దగ్గర పని దొరికింది గానీ, అక్కడ ఆయన చేతికి తాళాలివ్వలేదు.

ఆడచేప రెండుసార్లు తొట్టిలోని పూలకుండీ పెంకు మీద గుడ్లు పెట్టింది. రెండుసార్లూ మగది వాటి మీద నోరు పెట్టడం బావ కంటపడింది. తినేస్తోందని దాన్ని పట్టి బకెట్లో వేశాడు. నాలుగోనాటికి గుడ్లన్నీ తెల్లబడి బూజు పట్టాయి.

"దొంగముండాకొడుకు! నేను సూసేసరికే ఖరాబు జేసిండు" అని మగదాన్నే తిట్టాడు. బకెట్ సంగతి ఫణీంద్రకు చెప్పనే లేదు.

"గుడ్లు నిలవడం లేదంటే మగదానిలోనే లోపమేమో మొగిలయ్యా. మూడోసారీ పోతే జంటను వెనక్కి తీసుకెళ్తాను" అన్నాడు ఫణీంద్ర.

మూడోసారి గుడ్లు పెట్టేసరికి సకల జనుల సమ్మె నడుస్తోంది. బస్సుల్లేవు. గేటు దగ్గర బావ స్థానంలోకి రావలసిన మనిషి భువనగిరిలో చిక్కుకుపోయాడు. ఒకసారి మాట పడ్డవాడు కదా, బావ గేటు వదిలి కదలడు. ఇంట్లో అక్కకు తోడుగా ఉన్న నాకు ఫోన్లు మాత్రం గంటకొకటి.

"దయాకర్, మగదాన్ని జర బయటికి తియ్యిరా! అన్నీ తింటది!"

తొట్టిలో చెయ్యి పెట్టాను. ఆ బొటనవేలంత చేప సర్రున వచ్చి నా వేలు కొరికి, మళ్లీ గుడ్ల దగ్గరికే పోయింది.

"నీ దొంగను నువ్వే పట్టుకో బావా, నాతోని గాదు" అని ఫోన్ పెట్టేశాను. పైకి అలా అన్నాను గానీ లోలోపల భయమే. ఈసారి పోతే ఆ పాపం నాది. కరెంటు పోయినప్పుడల్లా మా అక్క సారలమ్మ తొట్టి పక్కన కూర్చుని, నీళ్లకు గాలి తగిలేలా చెంబుతో ఎత్తి పోస్తూనే ఉంది. తిండి మీద ధ్యాసే లేదు.

ఆరోరోజు మధ్యాహ్నం, గేటు దగ్గరికి ఆ రెండో మనిషి చేరాక, బావ చర్లపల్లి నుంచి నడిచి వచ్చాడు. చెప్పులైనా విప్పలేదు. తొట్టి వైపు చూడలేక నన్నే అడిగాడు.

"తెల్లబడ్డయా?"

టార్చి వేశాను. గుడ్లు ముదురు రంగుకు తిరిగి ఉన్నాయి. ఒక్కోదానిలో రెండేసి వెండి చుక్కలు. కళ్లు! మధ్యలో అక్కడక్కడా ఖాళీలు. మగచేప రెక్కలతో వాటికి నీళ్లు విసురుతోంది.

కబురందుకుని ఫణీంద్ర బండి మీద వచ్చాడు. అప్పుడు గానీ బకెట్ సంగతి బయటపడలేదు.

"ఎంత పని చేశావయ్యా! అది చెడినవాటినే ఏరి తింటుంది. లేకపోతే ఆ బూజు పక్కవాటికీ పాకుతుంది. నీళ్లు విసిరి గుడ్లను బతికించేదీ అదే. కాపలా ఉన్నదాన్ని తీసి బకెట్లో వేశావు!"

కళ్లు తేలాయంటే ఇక పిల్లలైనట్టే అంటూ పెంపకం గది తాళాలు ఆ పూటే బావ చేతిలో పెట్టాడు. బావ వాటిని చూడనైనా లేదు.

"శెత్త తీసేటోన్ని దొంగ అన్నం గదరా దయాకర్" అన్నాడు. అని, మా ముందే ఏడ్చాడు.

రాగితీగ పోయిందన్న రోజున అక్కను పక్కకు పిలిచి, బావ ఇంట్లో ఎక్కడైనా దాచాడేమో వెతకమన్నది నేనే.